తీరిక లేని యౌవనంలో ప్రార్థన వేళ

చదువు ముగింపుకు వచ్చిన నాటి నుండి ఉద్యోగంలో కుదురుకునే వరకు గడిచే సంవత్సరాలు విశ్వాసికి కఠినమైనవి. తల్లిదండ్రుల ప్రార్థనల నీడలో పెరిగిన విశ్వాసం సొంత కాళ్ళ మీద నిలబడవలసిన కాలం అదే. పరీక్షలు, ఇంటర్వ్యూలు, రాత్రి షిఫ్టులు, కొత్త చోటు, కొత్త మనుషులు, తీర్చవలసిన అప్పులు అన్నీ కలిసి మీద పడే కాలమూ అదే. నా ఈడు విశ్వాసులతో మనసు విప్పి మాట్లాడినప్పుడు, దేవుని మీద నమ్మకం పోయిందని చెప్పేవారు చాలా అరుదుగా కనిపిస్తారు. ప్రార్థనకు సమయం దొరకడం లేదని, వాక్యం తెరిచి చాలా రోజులైందని, ఆదివారం ఆరాధనలో కూర్చున్నా మనసు సోమవారం పని మీదే ఉంటోందని చెప్పేవారే ఎక్కువ. ఆ మాట చెప్పేటప్పుడు వారి ముఖాల్లో కనిపించే బాధ నిజమైనది. దానిని సోమరితనమనో, లోకాశ అనో ఒక్క మాటతో తీసిపారేసే బోధ విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. రోజంతా పని చేసి, ప్రయాణంలో మరింత నలిగి ఇంటికి చేరిన మనిషి అలసటను దేవుడు ఎరగనివాడు కాడు.

ఇలాంటి వారికి సాధారణంగా అందే సలహా ఒకటుంది. రోజులో ఎక్కడో ఒక అరగంట వెదికి పట్టుకొని దానిని దేవునికి కేటాయించమంటారు. సలహాలో తప్పేమీ లేదు గాని, అది ప్రార్థనను మన పనుల పట్టికలో చివరన చేరే మరొక పనిగా మారుస్తుంది. అప్పటికే నిండిపోయిన పట్టికలో కొత్తగా చేరిన పనికి ఏ గతి పడుతుందో మనందరికీ తెలుసు. కొంతకాలంగా నేను ఈ విషయాన్ని మరో వైపు నుండి ఆలోచిస్తున్నాను. ఆ పట్టికలో ఉన్న పనుల్లో ఏది నిజంగా మనదో, ఏది మనది కాదో దేవుని ముందు తేలే చోటే ప్రార్థన అని నాకు అర్థమవుతోంది. ఈ ఆలోచనకు ఆధారం మార్కు సువార్త మొదటి అధ్యాయం.

ఆ అధ్యాయంలో యేసు కపెర్నహూములో గడిపిన ఒక రోజు కనిపిస్తుంది. అది విశ్రాంతిదినం. ఆయన సమాజమందిరంలో బోధించాడు. అక్కడే అపవిత్రాత్మ పట్టినవానిని విడిపించాడు. అక్కడి నుండి సీమోను ఇంటికి వెళ్ళి, జ్వరంతో పడి ఉన్న అతని అత్తను లేవనెత్తాడు. ప్రొద్దు గ్రుంకిన తరువాత రోగులను వెంటబెట్టుకొని పట్టణమంతా ఆ ఇంటి వాకిట కూడింది. అంతటి రోజు గడిచాక మరునాడు ఆలస్యంగా లేచినా ఎవరూ తప్పు పట్టరు. మార్కు మాత్రం, "ఆయన పెందలకడనే లేచి, ఇంకను చాలా చీకటియుండగానే బయలుదేరి, అరణ్య ప్రదేశమునకు వెళ్లి, అక్కడ ప్రార్థన చేయుచుండెను" అని రాశాడు. ఈ వచనం మీద ప్రసంగాలు మనం చాలా విన్నాం, అవి ఎక్కువగా పెందలకడ లేవడం దగ్గరే ఆగిపోతాయి. నాకు మాత్రం దాని తరువాతి మూడు వచనాలు ఇంకా లోతైనవిగా తోస్తాయి. సీమోనూ అతనితో ఉన్నవారూ ఆయనను వెదుక్కుంటూ వచ్చి, అందరూ నీ కోసం వెదకుతున్నారని చెప్పారు. యేసు వారితో కలిసి ఆ వాకిటికి తిరిగి వెళ్ళలేదు. దగ్గరలో ఉన్న ఇతర గ్రామాలకు వెళదాం రండి, అక్కడ కూడా ప్రకటించాలి, నేను వచ్చింది ఇందుకే అన్నాడు.

కపెర్నహూము వాకిట ఎదురుచూస్తున్న వారి అవసరం అబద్ధం కాదు. వారిని స్వస్థపరచడం మంచి పనే, ముందు రోజు సాయంత్రం ఆయన చేసిన పనే. అయినా ఆ మంచి పనిని అక్కడే వదిలి మరో చోటికి సాగిపోగలిగిన నిశ్చయం ఆయనకు తండ్రితో ఏకాంతంగా గడిపిన ఆ చీకటి వేళలో కలిగిందని నేను నమ్ముతున్నాను. లూకా కూడా ఐదవ అధ్యాయంలో ఇదే సంగతిని మరో తీరుగా చూపిస్తాడు. ఆయనను గూర్చిన సమాచారం మరి ఎక్కువగా వ్యాపించి, జనసమూహాలు వినడానికీ బాగుపడడానికీ గుంపులుగా వస్తున్న సమయంలోనే ఆయన అరణ్యాలలోకి వెళ్ళి ప్రార్థన చేస్తూ ఉన్నాడు. పని పెరిగే కొద్దీ మన దినచర్యలో మొదట కోత పడేది ప్రార్థనకే. ఆయన విషయంలో పని పెరగడమే ప్రార్థనకు కారణమైంది.

ఈ మాటను నేను నా జీవితంలో చూశాను. ఉద్యోగంలో ఒక దశలో అదనపు బాధ్యత ఒకటి నా ముందుకు వచ్చింది. దానిని ఒప్పుకుంటే సాయంకాలాలు, శనివారాలు పోతాయని తెలిసినా, కాదనడానికి నాకు కారణం దొరకలేదు. పెద్దల సలహా అడిగాను, లాభనష్టాలు రాసుకున్నాను, అయినా తేలలేదు. కొన్ని ఉదయాలు ఆ ఒక్క విషయాన్నే ప్రభువు ముందు పెట్టి కూర్చున్న తరువాత, ఆ బాధ్యత మీద నాకున్న ఆశలో పని మీది ప్రేమ కంటే నలుగురిలో పేరు మీది మక్కువే ఎక్కువగా ఉందని మెల్లగా తెలిసివచ్చింది. దానిని వద్దనుకున్నప్పుడు నాకు మిగిలిన సాయంకాలాలలోనే సంఘంలోని పిల్లలకు వాక్యం నేర్పే అవకాశం కలిగింది. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. అదే ప్రార్థనలో మరొకరికి ఆ బాధ్యతను ధైర్యంగా తీసుకోమనే నిశ్చయం కలగవచ్చు. ప్రార్థించిన తరువాత ఒప్పుకున్న పనిని మనిషి గొణుక్కోకుండా చేస్తాడు, వదులుకున్న దాని గురించి రాత్రుళ్ళు తలచుకొని కుమలడు. నా మట్టుకు నాకు అది చాలా పెద్ద విడుదల.

ఇంతటి మేలు ఉన్నా ప్రార్థన ఎందుకు వాయిదా పడుతుందంటే, దానికి మనం ఒక వేళను నియమించకపోవడమే మొదటి కారణం. ఈ విషయంలో దానియేలును మించిన మాదిరి నాకు కనిపించదు. దర్యావేషు రాజ్యమంతటి మీద 120 మంది అధిపతులు ఉండగా, వారి లెక్కలు చూసే ముగ్గురు ప్రధానులలో అతడు ఒకడు. అంతటి పదవిలో ఉన్న మనిషికి తీరిక ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా అతడు యెరూషలేము తట్టుకు తెరచి ఉన్న కిటికీల దగ్గర దినానికి మూడు మార్లు మోకాళ్ళూనేవాడు. ముప్పది దినాల వరకు రాజుకు తప్ప మరెవరికీ విన్నపం చేయకూడదనే శాసనం వచ్చినప్పుడు, ఈ ముప్పది దినాలు గడిచాక మళ్ళీ మొదలుపెడతానని అతడు అనుకోలేదు. ఆ చోట నేను చాలాసేపు ఆగిపోతాను. ఈ పరీక్షలు కాగానే, ఈ ప్రాజెక్టు ముగియగానే, ఉద్యోగం స్థిరపడగానే అని మనం పెట్టుకునే గడువులు చాలావరకు ఆ ముప్పది దినాల వంటివే. మన మీద ఏ రాజు శాసనమూ లేకుండానే మనం వాటికి లోబడుతున్నాం. మరొక సంగతి కూడా గమనించదగినది. అతని శత్రువులు ఎంత వెదికినా అతని రాజ్యపాలనలో ఒక్క లోపమూ పట్టుకోలేకపోయారు. అంటే మూడు పూటల ప్రార్థన అతని పనిని కుంటుపరచలేదు.

నియమిత వేళల అలవాటు దానియేలుతో ఆగిపోలేదు. సాయంకాలమున ఉదయమున మధ్యాహ్నమున మొరపెడతానని 55వ కీర్తనలో దావీదు అంటాడు. అపొస్తలుల కార్యములలో పేతురు, యోహాను పగలు మూడు గంటలకు, అది ప్రార్థన కాలం గనుక, దేవాలయానికి ఎక్కి వెళుతుండగానే కుంటివాడు వారికి ఎదురయ్యాడు. తొలి సంఘాల కాలం నాటి 'డిడాకే' అనే బోధనా గ్రంథం, ప్రభువు నేర్పిన ప్రార్థనను దినానికి మూడు మార్లు చేయమని విశ్వాసులకు చెబుతుంది. నెమ్మదిగా పలికినా ఆ ప్రార్థనకు ఒక నిమిషమే పడుతుంది. తొలి తరాల విశ్వాసులలో దాసులు, కూలివారు, చేతిపనివారు ఎందరో ఉన్నారు. వారి నుండి గంటల తరబడి ఏకాంతాన్ని ఆశించకుండా, తప్పకుండా వచ్చే మూడు చిన్న వేళలను ఆశించారన్న మాట నాకు ఎంతో ధైర్యం ఇస్తుంది. ప్రార్థిస్తే గంటసేపు ప్రార్థించాలి, లేకపోతే లేదు అన్న పట్టుదల వినడానికి భక్తిగా ఉంటుంది గాని, దానివల్ల వారాల తరబడి అసలు ప్రార్థనే జరగని స్థితి రావడం నేను చాలామందిలో చూశాను.

సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1535లో, ఎలా ప్రార్థించాలో చెప్పమని అడిగిన తన క్షురకుడు పీటర్ కోసం ఒక చిన్న రచన చేశాడు. ఒక వేదాంత పండితుడు చేతిపని చేసుకునే మనిషి కోసం కూర్చొని రాసిన ఆ మాటలు, ఐదు వందల ఏళ్ళు కావస్తున్నా, పని చేసుకొని బ్రతికే యువకునికి నేరుగా తగులుతాయి. ఉదయం మొదటి పనిగా, రాత్రి చివరి పనిగా ప్రార్థనను ఉంచుకోమని అతడు చెప్పాడు. కాసేపు ఆగి ఒక గంట తరువాత ప్రార్థిస్తాను, ముందు ఈ పని చూసుకోవాలి అనే తలంపు వచ్చినప్పుడు దానిని నమ్మవద్దని, అటువంటి తలంపులు మనిషిని ఒక పని నుండి మరొక పనిలోకి లాక్కుపోయి ఆ రోజు ప్రార్థనే లేకుండా చేస్తాయని హెచ్చరించాడు. మనసు చల్లబడి ప్రార్థన రానప్పుడు పది ఆజ్ఞలను, విశ్వాస ప్రమాణాన్ని, కీర్తనలను తనలో తాను వల్లించుకుంటానని, ప్రభువు నేర్పిన ప్రార్థనలోని ఒక్కొక్క మనవి దగ్గర ఆగి దానిని తన మాటల్లోకి తెచ్చుకుంటానని వివరించాడు. అలసిన సాయంకాలాలలో నాకు బాగా ఉపయోగపడేది ఈ చివరి పద్ధతే. సొంత మాటలు కూడగట్టుకునే శక్తి లేనప్పుడు, "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న ఒక్క మనవి దగ్గర నిలిచి, మరునాటి జీతం గురించీ, ఇంటి అవసరాల గురించీ, పని దొరకని స్నేహితుని గురించీ దేవునితో మాట్లాడవచ్చు. ఉదయాన మొదటి పనిగా అన్న మాటకు మన కాలంలో ఒక స్పష్టమైన అర్థం ఉంది: ఫోను చేతిలోకి తీసుకోకముందు. రాత్రి వచ్చిన సందేశాలు ఒక్కసారి కళ్ళబడితే, ఆ తరువాత చేసే ప్రార్థనలో సగం వాటికి మనసులో జవాబులు రాసుకోవడంతోనే గడిచిపోతుంది. నా ఫోను రాత్రిపూట మరో గదిలో ఉంటుంది.

పని మధ్యలో చేసే క్షణకాల ప్రార్థనల సంగతి కూడా చెప్పాలి. మీటింగులోకి అడుగుపెట్టే ముందు, కఠినమైన మాట వినవలసి వచ్చినప్పుడు, ప్రశ్నపత్రం చేతికి అందినప్పుడు మనం తలచుకునే ఆ ఒక్క వాక్యం విలువ తక్కువ కాదు. నెహెమ్యాను అర్తహషస్త రాజు ఏమి కావాలని అడిగినప్పుడు, అతడు ఆకాశమందలి దేవునికి ప్రార్థించి రాజుతో మాట్లాడాడు. ఆ రెంటి మధ్య ఒక్క శ్వాసకు మించిన వ్యవధి లేదు. కాని ఆ గ్రంథాన్ని మొదటి నుండి చదివితే మరో సంగతి బయటపడుతుంది. యెరూషలేము ప్రాకారం కూలిపోయి ఉందన్న వార్త అతనికి కిస్లేవు మాసంలో అందింది. రాజు ఎదుట ఈ సంభాషణ జరిగింది నీసాను మాసంలో. ఆ రెంటి మధ్య దాదాపు నాలుగు నెలలు ఉన్నాయి, ఆ వార్త విన్ననాటి నుండే అతడు ఉపవాసంతో, కన్నీటితో దేవునికి మొరపెట్టాడు. ఆ ఒక్క శ్వాసలోని ప్రార్థనకు వెనుక అంత ప్రార్థన ఉంది. అందువల్ల క్షణకాల ప్రార్థనలు చాలు, విడిగా వేళ అక్కర్లేదు అనే మాటను నేను అంగీకరించలేను.

ఇటువంటిదే మరొక మాట యువతలో తరచు వినిపిస్తుంది: నా పనే నా ప్రార్థన అని. ఆ మాటకు సాక్షిగా బ్రదర్ లారెన్స్ పేరు చెబుతారు. అతడు పదిహేడవ శతాబ్దంలో పారిస్‌లోని కర్మెల్ మఠంలో చేరిన సహోదరుడు, అంతకుముందు సైనికుడు. మఠంలో అతనికి అప్పగించింది వంటశాల పని. స్వభావరీత్యా ఆ పని అతనికి ఇష్టం లేదు, అయినా చాలా సంవత్సరాలు దానిని దేవుని ప్రేమ కోసం చేశాడు. గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుని సన్నిధిని అనుభవించినవాడని అతనికి పేరు. 1691లో మరణించాడు. అతని సాక్ష్యం నాకు ప్రియమైనది, విసుగు పుట్టించే ఉద్యోగంలో ఉన్న ప్రతి విశ్వాసికీ అది అవసరమైనది. అయితే అతడు నివసించింది ప్రతి దినమూ నియమిత వేళల్లో ప్రార్థన జరిగే మఠంలో. అతని చుట్టూ ఉన్న జీవితమంతా ప్రార్థన మీద కట్టబడినది. మన చుట్టూ ఉన్న జీవితం గడువుల మీద, లక్ష్యాల మీద కట్టబడినది. అటువంటి చోట పనే ప్రార్థన అని చెప్పుకుంటే కొన్నాళ్ళకు పని మాత్రమే మిగులుతుంది. మీరేమి చేసినా ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయండని కొలొస్సయులకు రాసిన పౌలే, అదే పత్రికలో తరువాతి అధ్యాయంలో ప్రార్థనలో నిలుకడగా ఉండమని కూడా రాశాడు. రెండు మాటలూ ఆ సంఘానికి కావలసివచ్చాయి.

ఇక అలసట విషయం. ప్రార్థించాలన్న కోరిక ఉండి కూడా కళ్ళు మూతపడే వారి మీద మరో భారం మోపడం నాకు ఇష్టం లేదు. ఏలీయా బదరీవృక్షం క్రింద కూర్చొని, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు అతనికి వెంటనే ఉపదేశం చేయలేదు. అతడు నిద్రపోయాడు, దూత వచ్చి తట్టి లేపి, లేచి భోజనం చేయమన్నాడు, అతడు తిని, త్రాగి, మళ్ళీ పడుకున్నాడు, దూత రెండవ మారు వచ్చి మళ్ళీ భోజనం పెట్టాడు. హోరేబులో దేవుని మాట వినిపించింది ఆ తరువాత. నిద్ర చాలక నీరసించిన మనిషి తనకు భక్తి తగ్గిపోయిందని కుమిలిపోవడం చాలాసార్లు చూశాను. అటువంటి వారికి నేను చెప్పేది ఒక్కటే: ఈ రాత్రి రెండు మాటలు ప్రార్థించి త్వరగా పడుకోండి. తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికి ఇస్తున్నాడని 127వ కీర్తన చెబుతుంది. అర్ధరాత్రి దాటే వరకు తెర మీద వీడియోలు చూసి ఉదయం లేవలేకపోవడం వేరే సంగతి, అది అందరికీ తెలిసినదే.

ఆరాధనలో నిద్రపోయిన యువకుని కథ కూడా లేఖనాలలో ఉంది. త్రోయలో ఆదివారమున రొట్టె విరచడానికి విశ్వాసులు కూడినప్పుడు, పౌలు మరునాడు వెళ్ళిపోవలసి ఉన్నందున అర్ధరాత్రి వరకు ప్రసంగించాడు. ఐతుకు అనే యౌవనస్థుడు కిటికీలో కూర్చొని గాఢనిద్రలో జోగి, మూడవ అంతస్తు నుండి క్రింద పడ్డాడు. వారు ఎత్తేసరికి చనిపోయి ఉన్నాడు. పౌలు క్రిందికి వెళ్ళి, అతని మీద పడి కౌగిలించుకొని, తొందరపడకుడి, అతని ప్రాణము అతనిలో ఉన్నదని చెప్పాడు. ఆ నిద్ర గురించి లూకా ఒక్క నింద కూడా రాయలేదు, పౌలు ఒక్క గద్దింపు కూడా చేయలేదు. ఆ యువకుడు పగలంతా ఏ పనిలో ఉన్నాడో గ్రంథంలో లేదు గాని, అంత రాత్రివేళ ఆ కిటికీలో వచ్చి కూర్చోవడమే అతనిలోని ఆకలిని నాకు చూపిస్తుంది. యువతను దిద్దాలనుకునే సంఘ పెద్దలు ఈ భాగాన్ని మరొక మారు చదవాలని నా మనవి. నిద్రతో తూగేవారు కూడా వచ్చి కూర్చోగల చోటుగా సంఘం ఉండాలి.

ఆదివారం సంగతికి వస్తే, విశ్రాంతిదిన ఆజ్ఞకు లేఖనాలలో రెండు కారణాలు కనిపిస్తాయి. నిర్గమకాండము 20వ అధ్యాయంలో కారణం సృష్టి: దేవుడు ఆరు దినాలు పని చేసి ఏడవ దినాన విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో కారణం ఐగుప్తు: నీవు అక్కడ దాసుడవై ఉన్నావని, నీ దేవుడు నిన్ను రప్పించాడని జ్ఞాపకం చేసుకో, నీ దాసుడూ దాసీ కూడా నీవలె విశ్రమించాలి. ఈ రెండవ కారణం మన తరానికి ఎక్కువగా పనికివస్తుంది. ఇటుకల లెక్క అప్పగించే వరకు దాసునికి సెలవు లేదు. ఫరో దృష్టిలో మూడు దినాల ఆరాధన కోసం అడిగిన సెలవు కూడా సోమరితనమే. వారంలో ఏడు రోజులూ, ఏ గంటకైనా సందేశానికి జవాబివ్వడమే సమర్థత అని భావించే ఉద్యోగ జీవితంలో, ఒక దినాన్ని పక్కన పెట్టడం నేను ఎవరి సొత్తో ప్రకటించే క్రియ. ఆ దినాన ఆఫీసు మెయిల్ తెరవకపోవడం మొదట్లో చాలా భయంగా ఉంటుంది. నా విషయంలో ఆ భయం పోవడానికి కొన్ని నెలలు పట్టింది.

కాని ఆదివారం కూడా డ్యూటీ ఉండేవారు ఎందరో ఉన్నారు. ఆస్పత్రుల్లో నర్సులు, రవాణా ఉద్యోగులు, హోటళ్ళలో, దుకాణాల్లో, కాల్ సెంటర్లలో పని చేసేవారు సెలవు తమ చేతిలో లేనివారు. వారిని తక్కువ విశ్వాసులుగా చూడడం అన్యాయం, చరిత్ర తెలియనితనం కూడా. మొదటి మూడు శతాబ్దాల క్రైస్తవులకు ఆదివారం సెలవు లేదు. రోమా సామ్రాజ్యంలో ఆ దినాన పట్టణవాసులు పని మానాలనే శాసనాన్ని కాన్‌స్టంటైన్ చక్రవర్తి 321లో చేశాడు. అప్పుడు కూడా పొలం పనివారికి మినహాయింపు ఉంది. అంతకుముందు, సుమారు 112లో, బితూనియ ప్రాంతాన్ని పాలించిన ప్లినీ అనే రోమా అధికారి చక్రవర్తి ట్రాజనుకు రాసిన లేఖలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకొని క్రీస్తును దేవునిగా స్తుతిస్తూ పాడుతారని, ఆ తరువాత విడిపోయి భోజనానికి మళ్ళీ కలుస్తారని తెలిపాడు. నిజం రాబట్టడానికి అతడు హింసించి ప్రశ్నించిన వారిలో, సంఘంలో పరిచారికలుగా ఉన్న ఇద్దరు దాసీలు కూడా ఉన్నారు. తెల్లవారాక యజమాని ఇంట పని ఉన్నవారికి తెల్లవారకముందే ఆరాధన. షిఫ్టుల్లో పని చేసే యువత ఎక్కువగా ఉన్న సంఘాలు వారి కోసం వారం మధ్యలోనో, వేకువనో, రాత్రి ఆలస్యంగానో ఒక కూడికను ఏర్పాటు చేస్తే, అది కొత్త పోకడ ఏమీ కాదు, చాలా పాత ఆచారమే.

ఆన్‌లైన్‌లో ప్రసారమయ్యే ఆరాధనలు రోగులకు, ప్రయాణంలో ఉన్నవారికి మేలు చేస్తాయి. వీలు కుదిరినవారు కూడా వాటితో సరిపెట్టుకోవడం మాత్రం నాకు ఆందోళన కలిగిస్తుంది. సమాజముగా కూడుట మానవద్దని చెప్పే హెబ్రీ పత్రిక, దాని ముందు వచనంలోనే ప్రేమ చూపడానికీ సత్కార్యాలు చేయడానికీ ఒకరినొకరు పురికొల్పుకోవాలని చెబుతుంది. తెర ముందు కూర్చున్నవాడు రాకపోతే ఎవరికీ తెలియదు. రెండు వారాలు కనిపించకపోతే ఫోను చేసి, ఏమైంది, బాగున్నావా అని అడిగే మనిషి ఒక్కరైనా మన విశ్వాస జీవితంలో ఉండాలి. నాకు అటువంటి స్నేహితురాలు ఒకరు ఉన్నారు. వారంలో ఒక రాత్రి ఫోనులో మేమిద్దరం కాసేపు మాట్లాడుకొని, ఒకరి కోసం ఒకరం ప్రార్థిస్తాం. నా అంతట నేను ప్రార్థించలేని వారాలలో నన్ను నిలబెట్టినది ఆ కాసేపే.

చివరగా వాక్యపఠనం గురించి. బైబిల్‌లో 1,189 అధ్యాయాలు ఉన్నాయి. దినానికి మూడు, నాలుగు చదివితే సంవత్సరంలో పూర్తవుతుంది. ఈ లెక్కతో ఎన్నో పట్టికలు వచ్చాయి. వాటిలో ప్రసిద్ధమైనది స్కాట్లాండులోని డండీలో కాపరిగా ఉన్న రాబర్ట్ మర్రీ మెక్‌చేన్ 1842లో తన సంఘం కోసం తయారు చేసినది. సంవత్సరంలో పాత నిబంధన ఒక మారు, క్రొత్త నిబంధన, కీర్తనలు రెండు మార్లు పూర్తయ్యేలా అందులో ఏర్పాటు ఉంది. మరుసటి సంవత్సరమే, 29 ఏళ్ళ వయసులో, అతడు మరణించాడు. స్థిరపడ్డాక దేవుని పని చూద్దామని అనుకునే వయసు అది. తన పట్టికతో పాటు దానివల్ల వచ్చే ప్రమాదాలను కూడా అతడు రాసిపెట్టాడు: చదవడం మొక్కుబడిగా మారవచ్చు, చదివామన్న స్వనీతి కలగవచ్చు, ధ్యానం లేకుండా కళ్ళు మాత్రమే పరుగెత్తవచ్చు, కొందరికి అది మోయలేని కాడి కావచ్చు. వరుసగా ఎన్ని దినాలు చదివామో లెక్క చూపించే యాప్‌లు వాడేవారు ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి. ఆ లెక్క తెగిపోయిన రోజున చాలామంది చదవడమే మానేస్తారు.

పట్టికలో వెనుకబడిపోయి, బకాయి అధ్యాయాల భారంతో బైబిల్ తెరవడానికే జంకే వారికి నేను మరో పాత ఏర్పాటును సూచిస్తాను. ఆంగ్లికన్ సంఘపు 1662 నాటి ప్రార్థన క్రమంలో 150 కీర్తనలను నెలలోని ముప్పది దినాలకు, ఉదయ సాయంకాలాలకు పంచారు. మొదటి తేదీ ఉదయం 1 నుండి 5 వరకు, సాయంకాలం 6 నుండి 8 వరకు. అలా సాగి ముప్పదవ తేదీన 150వ కీర్తనతో ముగుస్తాయి, 31వ తేదీ ఉంటే ముప్పదవ తేదీవే మళ్ళీ చదువుతారు. ఇందులో బకాయి అంటూ ఉండదు, తేదీయే ఆనవాలు. ఈ రోజు 15 అయితే ఉదయం 75వ కీర్తన దగ్గర తెరిచి 77 వరకు చదవాలి, సాయంకాలం 78 చదవాలి. అంత సమయం లేనివారు ఆ ఉదయపు కీర్తనల్లో ఒక్కదానిని చదివినా చాలు. ఈ నెల ఇంతవరకు తెరవలేకపోయిన కీర్తనలన్నీ వచ్చే నెల ఒకటవ తేదీ నుండి మళ్ళీ వరుసగా వస్తాయి.